మన గడపలో అడిగే ప్రశ్నలు: బెంగళూరు విపణి పరిశోధన మన పల్లెను ఎలా లెక్కిస్తుంది?

గత దసరా సెలవులలో ఒక మధ్యాహ్నం మా ఊరి రచ్చకట్ట దగ్గర ఒక యువతి నన్ను ఆపి, కన్నడంలో, "సార్, ఇక్కడ కన్నడం బాగా వచ్చినవారు ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ట్యాబ్, భుజాన సంచి. బెంగళూరులోని ఒక విపణి పరిశోధన సంస్థ తరఫున ఇంటింటి సర్వేకు వచ్చానని, ఆ రోజు పన్నెండు ఇళ్లు పూర్తి చేయవలసి ఉండగా మూడు మాత్రమే అయ్యాయని చెప్పింది. ఆమె వద్ద ఉన్న ప్రశ్నలు కన్నడంలోను, ఇంగ్లీషులోను ఉన్నాయి. మా ఊరు బాగేపల్లి తాలూకాలోనిది. కార్యాలయాలలో వ్యవహారం కన్నడం, ఇళ్లలో మాట తెలుగు. రెండు భాషలూ తెలిసినవాడిని కనుక ఆమెకు తోడుగా వెళ్లాను.

మా పాఠశాలలో ఏడవ తరగతి చదివే పిల్లవాడి ఇల్లు మొదట తగిలింది. అతని తల్లి వసారాలో కూర్చుని చింతపండు గింజ తీస్తున్నది. మొదటి ప్రశ్న: "ఈ ఇంట్లో ప్రధానంగా సంపాదించే వ్యక్తి ఎవరు?" ఆమె కొంచెం ఆలోచించి, "మా ఆయన బెంగళూరులో బేల్దారి పనికి పోతాడు. శనివారం వస్తాడు. చేను, ఆవు నేనే చూసుకుంటా. ఎవరని చెప్పేది సార్?" అన్నది. ట్యాబ్ ఒక్క పేరునే తీసుకుంటుంది. "ఏ కంపెనీ పిండి వాడతారు?" అన్న ప్రశ్నకు, "రాగులు మా చేనివే. మిల్లులో ఆడించుకుంటాం" అన్నది. యువతి 'పొట్లం పిండి వాడరు' అన్న గడిలో గుర్తు పెట్టింది. వాడే సబ్బుకు ఒకటి నుంచి ఐదు వరకు ఎన్ని మార్కులు ఇస్తారని అడిగితే, "పరవాలేదు" అని జవాబు. పరవాలేదు అంటే మూడా, నాలుగా? నేను కూడా నిర్ణయించలేకపోయాను.

అన్నీ ముగిశాక ఆ తల్లి నన్నడిగింది: "ఇదంతా ఎందుకు సార్? మా ఇంటి సంగతి తెలుసుకుంటే వాళ్లకేం వస్తుంది? మాకేం వస్తుంది?"

ఆమె అడిగిన ఈ రెండు ప్రశ్నలకు నాకు తెలిసినంతలో సమాధానం చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

విపణి పరిశోధన అంటే ఏమిటి?

మన ఊరి అంగడి యజమానికి ఈ పరిశోధన అక్కరలేదు. ఎవరింట్లో ఎంతమంది ఉన్నారో, ఎవరు కందిబ్యాళ్లు కిలో కొంటారో, ఎవరు పావు కిలో కొంటారో, ఎవరికి కూలి డబ్బు ఏ వారం చేతికి వస్తుందో ఆయనకు కంఠతా వచ్చు. దూరాన కార్యాలయంలో కూర్చున్న కంపెనీకి మాత్రం మన ముఖాలు తెలియవు. దేశంలో కోటికి పైగా ఉన్న చిల్లర అంగళ్లలో ఏ మూల ఏది అమ్ముడుపోతున్నదో కనులారా చూడలేదు. అంగడి యజమాని జ్ఞాపకంతో చేసే పనిని కంపెనీ లెక్కతో చేయవలసి వస్తుంది. వినియోగదారుల అవసరాలు, అలవాట్లు, కొనుగోలు శక్తి తెలుసుకోవడానికి క్రమపద్ధతిలో సమాచారం సేకరించి విశ్లేషించడాన్నే విపణి పరిశోధన అంటారు.

మన దేశంలో ఈ లెక్కలకు పునాది వేసినది ప్రభుత్వమే. కుటుంబాలు దేనికి ఎంత ఖర్చు చేస్తున్నాయో అడిగి తెలుసుకునే జాతీయ నమూనా సర్వే 1950లో మొదలైంది. 1956లో ఢిల్లీలో జాతీయ అనువర్తిత ఆర్థిక పరిశోధన మండలి ఏర్పడింది. 1960లో బరోడాలో విక్రమ్ సారాభాయ్ చొరవతో ఆపరేషన్స్ రీసెర్చ్ గ్రూప్ వెలసి, అంగళ్లలో అమ్మకాలను లెక్కించే పనిని మన దేశంలో స్థిరపరచింది. తరువాతి దశకాలలో ప్రైవేటు పరిశోధన సంస్థలు విస్తరించి ముంబయి, ఢిల్లీ, బెంగళూరు వంటి నగరాలలో కార్యాలయాలు తెరిచాయి.

ఈ లెక్కలు ఎంత మార్పును చూపగలవో ఒక ఉదాహరణ చాలు. 1999-2000లో గ్రామీణ కుటుంబం ఖర్చు పెట్టే ప్రతి వంద రూపాయలలో సుమారు 59 రూపాయలు తిండికే పోయేవి. 2023-24 సర్వేలో అది సుమారు 47 రూపాయలు. అదే సర్వే ప్రకారం దేశంలో గ్రామీణులు తలకు నెలకు సగటున 4,122 రూపాయలు, పట్టణవాసులు 6,996 రూపాయలు ఖర్చు చేశారు. తిండి పోగా మిగిలే భాగం పెరిగింది. సబ్బు, ఫోను, బండి, చదువు, వైద్యం ఆ భాగంలోనివే. మన గడప దాకా కంపెనీలు వస్తున్నది ఆ మిగులు కోసమే. తల్లి మొదటి ప్రశ్నకు సమాధానం ఇక్కడే ఉన్నది.

మూడు దారులు

పరిశోధకులు మన సంగతి తెలుసుకోవడానికి ముఖ్యంగా మూడు దారులలో వస్తారు.

మొదటిది గడప. అందరినీ అడగడం సాధ్యం కాదు కాబట్టి కొన్ని ఊళ్లను, ఆ ఊళ్లలో కొన్ని ఇళ్లను ఎంచుకుంటారు. దీనిని నమూనా అంటారు. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు నలిపితే చాలునని మన ఇళ్లలో అనుకుంటారే, అదే సూత్రం. అయితే ఆ సూత్రంలో ఒక షరతు దాగి ఉన్నది. కుండలో అన్నమంతా ఒకే విధంగా ఉడికి ఉండాలి. పైన పలుకుగా, అడుగున మాడి ఉంటే ఒక్క మెతుకు నిజం చెప్పదు. అందుకే ఇల్లు ఎంచుకోవడంలో పరిశోధకుడి ఇష్టానికి చోటు ఇవ్వరు. ఫలానా చోట మొదలుపెట్టి, కుడిచేతి వైపు నడుస్తూ, ఇన్ని ఇళ్లకు ఒక ఇల్లు అడగాలని నియమం. ఇంట్లో ఎవరిని అడగాలో నిర్ణయించడానికి కూడా ఒక పట్టిక ఉన్నది. లెస్లీ కిష్ అనే గణాంక శాస్త్రవేత్త 1949లో దానిని ప్రతిపాదించాడు. లేకుంటే తలుపు తీసినవారినే, గట్టిగా మాట్లాడేవారినే అడిగి వెళ్లిపోయే ప్రమాదం ఉంది.

రెండవది అంగడి. అమెరికాలో ఆర్థర్ నీల్సన్ 1923లో స్థాపించిన సంస్థ 1930లలో ఈ పద్ధతికి ప్రాచుర్యం తెచ్చింది. లెక్క మన ఐదవ తరగతి పిల్లలు చేసేదే. నెల మొదట అంగడిలో 40 సబ్బులు ఉన్నాయి. నెలలో 72 కొత్తగా వచ్చాయి. నెల చివర 30 మిగిలాయి. అంటే 40కి 72 కలిపి 30 తీసివేస్తే 82 సబ్బులు అమ్ముడుపోయినట్టు. ఎంచుకున్న కొన్ని వేల అంగళ్లలో క్రమం తప్పకుండా ఈ లెక్క వేసి, దేశమంతటికీ అంచనా కడతారు. ఇందులో కొన్నవాడిని అడగవలసిన పని లేదు. అయితే ఎవరు కొన్నారో, ఎందుకు కొన్నారో ఈ లెక్క చెప్పలేదు.

మూడవది ఇంటి పద్దు. కొన్ని కుటుంబాలను ఒప్పించి, కొన్న ప్రతి వస్తువునూ నెలల తరబడి పుస్తకంలో రాయిస్తారు, లేదా ఖాళీ పొట్లాలను పారవేయకుండా ఒక డబ్బాలో వేయించి వాటిని లెక్కపెడతారు. మనిషి మరచిపోయినదాన్ని ఖాళీ పొట్లం మరచిపోదు.

ఇంటికి మార్కులు ఎలా వేస్తారు?

సర్వేలో ఫ్రిజ్ ఉన్నదా, పొలం ఉన్నదా అని అడిగితే మన ఇళ్లలో అనుమానం కలుగుతుంది. రేషను కార్డు తీసివేస్తారేమోనని కొందరు దాచి చెబుతారు. ఇది అపోహ. కంపెనీలకు మన ఆదాయాన్ని నేరుగా అడిగితే నిజం రాదని తెలుసు. అందువల్ల పక్కదారిన అంచనా వేస్తారు.

1980ల చివరలో రూపొందిన పద్ధతిలో పట్టణ కుటుంబాన్ని ప్రధాన సంపాదకుడి చదువు, వృత్తి ఆధారంగా, గ్రామీణ కుటుంబాన్ని చదువు, ఇల్లు మట్టిదా మిద్దెదా అన్నదాని ఆధారంగా తరగతులుగా విభజించేవారు. 2011లో పట్టణానికీ పల్లెకూ ఒకే కొలత తెచ్చారు. ప్రధాన సంపాదకుడి చదువు, పదకొండు వస్తువులలో ఇంట్లో ఎన్ని ఉన్నాయన్నది, ఈ రెండే కొలమానాలు. ఆ పదకొండు ఇవి: విద్యుత్తు, సీలింగ్ ఫ్యాను, గ్యాస్ పొయ్యి, ద్విచక్ర వాహనం, కలర్ టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, కంప్యూటర్, కారు, ఏసీ, వ్యవసాయ భూమి. వీటిని బట్టి ఇంటిని ఎ1 నుంచి ఇ3 వరకు పన్నెండు తరగతులలో ఒకదానిలో వేస్తారు.

పాఠకులు ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఈ పట్టికలో వ్యవసాయ భూమి ఉన్నదా లేదా అన్నదే ప్రశ్న. అది నీళ్లున్న భూమా, వేయి అడుగులు తవ్వినా తడి తగలని భూమా అన్న ప్రశ్న లేదు. మన ప్రాంతంలో రెండెకరాల మెట్ట ఉన్నవాడు, చెరువు కింద మడి ఉన్నవాడు ఒకే గడిలో పడతారు. ఫ్యాను, టీవీ దాదాపు ప్రతి ఇంటికీ చేరడంతో వస్తువుల లెక్కకు విలువ తగ్గిందని పరిశోధకులే గుర్తించారు. ఇటీవల ప్రతిపాదించిన కొత్త పద్ధతిలో వస్తువులను వదిలి, సంపాదకుడి వృత్తితో పాటు ఇంట్లో అందరికన్నా ఎక్కువ చదివిన పురుషుడి చదువును, ఎక్కువ చదివిన స్త్రీ చదువును చూస్తారు. ఇంటి స్థాయిని ఆడపిల్ల చదువుతో కూడా కొలవడం ఉపాధ్యాయుడిగా నాకు సంతోషం కలిగించిన మార్పు.

బెంగళూరు నేర్పిన పాఠాలు

చిల్లర వర్తకంలో కొత్త ప్రయోగాలకు బెంగళూరు చాలాకాలంగా వేదిక. వివిధ భాషలవారు, వివిధ ఆదాయాలవారు ఒకే నగరంలో దొరుకుతారు. అందులో మన తెలుగువారి సంఖ్య కూడా తక్కువేమీ కాదు. 1905లో ఊటీలో పుట్టిన నీల్‌గిరీస్ 1936లో బెంగళూరు బ్రిగేడ్ రోడ్డుకు వచ్చింది. 1999లో ఫ్యాబ్‌మాల్ అనే సంస్థ ఇంటర్నెట్టు ద్వారా సరుకులు అమ్మడానికి ఇక్కడే ప్రయత్నించింది. కొనేవారి వద్ద అప్పటికి ఇంటర్నెట్టే అంతగా లేదు. ఆ స్థాపకులే కొందరు 2011లో బిగ్‌బాస్కెట్‌ను స్థాపించి, అదే ఆలోచనను కాలం కలిసివచ్చాక నిలబెట్టారు. సరుకు మంచిదైనంత మాత్రాన చాలదు, కొనేవాడు అందుకు సిద్ధంగా ఉన్నాడా లేదా తెలియాలన్నది ఇందులోని మొదటి పాఠం.

రెండవ పాఠం బిగ్ బజార్ నేర్పింది. 2001లో కోల్‌కతా, బెంగళూరు, హైదరాబాదు నగరాలలో ఈ అంగళ్లు వెలిశాయి. విశాలమైన, నిశ్శబ్దమైన, తళతళలాడే అంగడిని చూసి సామాన్యుడు "ఇది మనకు కాదు" అని వెనుదిరుగుతున్నాడని దాని స్థాపకుడు కిశోర్ బియానీ గమనించాడు. బియ్యాన్ని, పప్పును చేతితో పట్టి చూసి, మునివేళ్లతో నలిపి కొనే అలవాటు మనది. కనుక గింజలను తెరిచిన తొట్లలో పోయించాడు. సంతలో ఉండే సందడిని, ఇరుకును కావాలనే అంగడిలోకి తెచ్చాడు. పాశ్చాత్య దేశాల పరిశోధకులు తోపులాట ఉంటే కొనేవారు పారిపోతారని తేల్చి ఉండగా, ఇక్కడ జనం ఉన్నచోటికే జనం వచ్చారు. ఇతర దేశంలో తేలిన సత్యాన్ని మన గడపకు అలాగే అతికించరాదని దీనివల్ల తెలుస్తున్నది. అయితే వినియోగదారుని మనసు తెలిసినంత మాత్రాన వ్యాపారం నిలవదు. అప్పుల భారంతో ఆ సంస్థ కుంగి, 2022లో బిగ్ బజార్ అంగళ్లు మూతపడ్డాయి.

మూడవ పాఠం 2003లో వచ్చింది. జర్మనీకి చెందిన మెట్రో సంస్థ భారతదేశంలో తన మొదటి టోకు అంగడిని బెంగళూరులోనే తెరిచింది. అది ఇళ్లవారికి అమ్మలేదు. చిన్న అంగళ్లవారికి, హోటళ్లవారికి మాత్రమే అమ్మింది. మూలమలుపు అంగడి యజమానిని పోటీదారుగా కాక కొనుగోలుదారుగా చూడటం అందులోని మెలకువ. ఆ సంస్థ భారత వ్యాపారాన్ని 2023లో రిలయన్స్ కొనుగోలు చేసింది.

నాలుగవది ఫ్లిప్‌కార్ట్. 2007లో బెంగళూరులో ఇద్దరు యువకులు పుస్తకాలు అమ్మే వెబ్‌సైటుగా దీనిని ప్రారంభించారు. దాని మొదటి పుస్తకం కొన్నది మహబూబ్‌నగర్ వాసి. అంటే పుస్తకం దొరకని ఊళ్లలోనే అంతకుముందు ఎవరి లెక్కలోనూ లేని గిరాకీ దాగి ఉందన్నమాట. కార్డు లేనివారు, కార్డు ఉన్నా చూడని వస్తువుకు ముందుగా డబ్బు కట్టడానికి జంకేవారు కొనలేకపోతున్నారని గ్రహించి, 2010లో సరుకు చేతికి అందాక డబ్బు చెల్లించే పద్ధతి తెచ్చారు. మనవాళ్లకు కొనాలన్న కోరిక లేక కాదు, నమ్మకం లేక ఆగారని అది రుజువు చేసింది.

పల్లెకు చేరిన ఫలితాలు

ఇక తల్లి అడిగిన రెండవ ప్రశ్న: మాకేం వస్తుంది?

మన అంగడిలో తోరణంలా వేలాడే షాంపూ పొట్లాలను చూడండి. తమిళనాడులోని కడలూరులో చిన్నికృష్ణన్ అనే వ్యాపారి, సామాన్యుడు సీసా కొనలేడు గాని ఒక పూటకు సరిపడా పొట్లం కొనగలడని ఆలోచించాడు. ఆయన కుమారుడు సి.కె. రంగనాథన్ 1983లో సొంతంగా వ్యాపారం మొదలుపెట్టి, తండ్రి పేరు మీద చిక్ షాంపూను పొట్లాలలో అమ్మాడు. పల్లెలకు వెళ్లి అందరి ఎదుట పిల్లవాడి తలకు షాంపూ రుద్ది, ఆరిన జుట్టును పట్టి చూడమన్నారు. ఖాళీ పొట్లాలు తెచ్చినవారికి కొత్త పొట్లం ఉచితంగా ఇచ్చారు. 1990ల చివర పొట్లం ధరను అర్ధరూపాయికి తెచ్చారు. నెలజీతం వచ్చేవాడు నెల సరుకు కొంటాడు, దినకూలి వచ్చేవాడు ఆనాటి సరుకే కొంటాడన్న ఒక్క సత్యాన్ని గ్రహించడంవల్ల ఇది సాధ్యమైంది.

మరొక ఉదాహరణ నల్గొండ జిల్లాది. రెండువేలకు తక్కువ జనాభా ఉన్న ఊళ్లకు పంపిణీదారుల వాహనాలు వెళ్లడం గిట్టుబాటు కావడం లేదని హిందుస్తాన్ లీవర్ సంస్థ గుర్తించి, 2000-01 ప్రాంతంలో అక్కడి పొదుపు సంఘాల మహిళలకు సరుకులిచ్చి ఊరిలో అమ్మించింది. శక్తి అన్న పేరుతో ఆ పథకం తరువాత అనేక రాష్ట్రాలకు వ్యాపించింది. కంపెనీకి అమ్మకాలు, సంఘం మహిళకు కొంత సంపాదన, ఊరికి అసలు సరుకు లభించాయి.

మంచి పక్కనే మరొకటి కూడా చెప్పాలి. ఐదు రూపాయలు, పది రూపాయలు అన్న ధరలు మన మనసులో స్థిరపడిపోయాయని పరిశోధకులకు తెలుసు. ధర ఆరు రూపాయలు చేస్తే పిల్లవాడు వెనుదిరుగుతాడు. అందుకే ముడిసరుకు ధర పెరిగినప్పుడు ధర మార్చకుండా పొట్లంలోని బరువు తగ్గిస్తారు. బిస్కట్ పొట్లం అదే ధర, అదే రంగు. లోపల బిస్కట్లు తక్కువ. మన అలవాటు తెలుసుకున్నవాడు మనకు మేలూ చేయగలడు, మన కన్నూ కప్పగలడు.

సరిహద్దు ఇల్లు ఎక్కడ జారిపోతుంది?

ఆ తల్లి ఇంటి లెక్కకు మళ్లీ వద్దాం. అందులో నాలుగు లోపాలు నాకు కనబడ్డాయి.

మొదటిది, ఆమె భర్త. వారంలో ఆరు రోజులు బెంగళూరులో షెడ్డులో ఉంటాడు. సబ్బు, నూనె, పిల్లల బట్టలు అక్కడే కొని శనివారం బస్సులో తెస్తాడు. ఆ కొనుగోలు బెంగళూరు అంగడి లెక్కలో పడుతుంది, ఇల్లు మాత్రం పల్లె లెక్కలో పడుతుంది. ఫలితంగా మన ఊరి అంగడిలో అమ్మకాలు తక్కువగా కనబడి, కంపెనీ వాహనం ఇటు రాదు. అంగడి యజమాని సొంత ఖర్చుతో బాగేపల్లి నుంచో హిందూపురం నుంచో సరుకు తెచ్చుకోవాలి. ఆ రవాణా భారం చివరికి మన మీదనే పడుతుంది.

రెండవది, రాగులు. సొంత చేనిలో పండించి తిన్నదానికి కూడా ప్రభుత్వ సర్వే విలువ కట్టి లెక్కలో కలుపుతుంది. కంపెనీ సర్వేకు కావలసింది కొన్న వస్తువు మాత్రమే. ఏడాది పొడవునా సంగటి తినే ఇంటికి దాని పట్టికలో పిండి గడి ఖాళీ. ఆ ఖాళీని చూసి, ఈ ప్రాంతంవారికి రాగి అవసరం లేదని ఎవరైనా అనుకుంటే అది ఎంత పొరపాటు!

మూడవది, భాష. పొట్లం మీద చట్టప్రకారం ఉండవలసిన వివరాలు హిందీలో గాని ఇంగ్లీషులో గాని ఉంటే చాలు. తెలుగు, కన్నడం అదనంగా వేయడం కంపెనీ ఇష్టం. ఎక్కడ ఏ భాషవారు ఎంతమంది కొంటున్నారో తెలిస్తేనే ఆ ఇష్టం పుడుతుంది. కర్ణాటకలోని మన తెలుగు ఇళ్లను కన్నడ ప్రశ్నపత్రంతోను, మడకశిర వైపు కన్నడ ఇళ్లను తెలుగు ప్రశ్నపత్రంతోను అడిగినంతకాలం రెండువైపులా జవాబు 'పరవాలేదు' దగ్గరే ఆగిపోతుంది.

నాలుగవది, లెక్కలకు ఆధారమైన లెక్క. ఏ ఊరిలో ఎన్ని ఇళ్లు అన్నది జనగణన చెబుతుంది. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడటంతో చాలాకాలం 2011 లెక్కలే దిక్కయ్యాయి. ఈ మధ్యకాలంలో ఎన్ని కుటుంబాలు నగరానికి వలసపోయాయో మన పాఠశాల హాజరుపట్టీ చూసినా తెలుస్తుంది.

వీటన్నింటికీ తోడు, సర్వే చేసేవారి కష్టం ఒకటి ఉంది. యువతి లేవబోతుండగా ఆ తల్లి మజ్జిగ ఇచ్చి, "నీకు రోజుకెంత ఇస్తారు పాపా?" అని అడిగింది. రోజుకూలి కాదని, పూర్తయిన ఫారానికి ఇంత అని లెక్కకట్టి ఇస్తారని ఆమె చెప్పింది. ఇల్లు తాళం వేసి ఉంటే, సగంలో ఎవరైనా లేచిపోతే ఆ శ్రమ వృథా. సాయంత్రం బస్సు అందుకోవాలన్న తొందరలో 'పరవాలేదు'కు మూడు వేయాలా నాలుగు వేయాలా అని ఆలోచించే తీరిక ఎవరికి ఉంటుంది? ఆ ఫారం మీదనే బెంగళూరులో ఎవరో మన ఊరి గురించి నిర్ణయం తీసుకుంటారు.

అడగకుండానే తెలుసుకునే ఫోను

నేడు ప్రశ్నలు అడగకుండానే సమాధానాలు రాబట్టే మార్గాలు వచ్చాయి. బిల్లు వేసే చోట మన ఫోను నంబరు అడుగుతారు. ఆ నంబరు మీద మనం ఏ నెల ఏమి కొన్నామో జమ అవుతుంది. ఫోనులో ఏ వస్తువును ఎంతసేపు చూశామో, కొనకుండా ఎక్కడ ఆగామో కూడా నమోదవుతుంది. ఇంటింటి సర్వేలో "ఇష్టం లేదు" అనవచ్చు. ఇక్కడ ఆ మాట అనే అవకాశం ఉన్నట్టే మనలో చాలామందికి తెలియదు.

ఫోను నంబరు ఇస్తేనే సరుకు అమ్ముతామని పట్టుబట్టరాదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మే నెలలో అంగళ్లకు సూచించింది. అదే సంవత్సరం పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేసింది. మన సమ్మతి అడిగే పత్రాన్ని ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలో గాని చదువుకునే అవకాశం ఉండాలని ఆ చట్టం చెబుతున్నది. తెలుగు, కన్నడం రెండూ ఆ షెడ్యూలులో ఉన్నాయి. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సంస్థల ముఖ్య బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. సరిహద్దు కుటుంబాలకు ఇది చిన్న హక్కు కాదు.

గడప దగ్గర మనం చేయవలసినది

సర్వేకు వచ్చినవారిని అనుమానంతో తరిమివేయడం వలన మనమే లెక్కలో లేకుండా పోతాము. అలాగని వచ్చిన ప్రతివారికీ అన్నీ చెప్పడమూ వివేకం కాదు. కొన్ని జాగ్రత్తలు మనవి చేస్తాను.

1. ముందు గుర్తింపు కార్డు చూడండి. ఏ సంస్థ, ఎందుకు, ఎంతసేపు అని అడగండి. సమాధానం చెప్పడం మన ఇష్టం. మధ్యలో ఆపివేయవచ్చు కూడా.

2. విపణి పరిశోధనకు ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, ఓటీపీ అవసరం లేదు. వాటిని అడిగినవాడు పరిశోధకుడు కాడు.

3. పరిశోధన పేరుతో వచ్చి వస్తువు అమ్మరాదన్నది ఈ వృత్తిలో ప్రపంచమంతటా ఒప్పుకున్న నియమం. మా పక్క ఊరిలో సర్వే అని వచ్చి, "మీ ఇంటికి బహుమతి తగిలింది" అంటూ సగం ధరకు మిక్సీ అంటగట్టి పోయినవారిని చూశాము. అది వారం రోజులు కూడా తిరగలేదు. బహుమతి మాట వచ్చిన క్షణమే తలుపు మూయండి.

4. ప్రశ్న అర్థం కాకపోతే మీ భాషలో అడగమనండి. 'పరవాలేదు' అని ఊరుకోకుండా, సబ్బు త్వరగా కరిగిపోతున్నదనో, పొట్లం మీద రాసినది చదవలేకపోతున్నామనో ఉన్న మాట చెప్పండి. సొంత చేను పంట తింటున్నామని, నగరంలో కొని తెస్తున్నామని కూడా చెప్పి, రాసుకోమనండి.

5. పొట్లం మీద ధరతో పాటు బరువు చూడండి. ధరను బరువుతో భాగించి పోల్చండి. చిన్న పొట్లం ఎప్పుడూ ఖరీదు, పెద్దది ఎప్పుడూ చవక అనుకోవద్దు. షాంపూ వంటివాటిలో చాలాసార్లు చిన్న పొట్లమే చవక అవుతుంది. ఈ భాగహారం ఇంట్లో పిల్లలచేత చేయించండి. వారికి లెక్కలూ వస్తాయి.

6. మోసం జరిగినట్టు అనిపిస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు ఫోను చేయవచ్చు. బిల్లును, పొట్లాన్ని పారవేయకుండా ఉంచండి.

సెలవులు ముగిసి పాఠశాల తెరిచాక, ఆ పిల్లవాడి తరగతిలో ఈ సర్వేనే పాఠంగా చెప్పాను. పిల్లలు తమ తమ ఇళ్లలో వారం రోజులపాటు ఏమి కొన్నారో, ఎక్కడ కొన్నారో, ఏది సొంత చేనిదో రాసుకొని వచ్చారు. నల్లబల్ల మీద మూడు వరుసలు గీశాము: ఊరి అంగడి, బాగేపల్లి, బెంగళూరు. బెంగళూరు వరుసే అన్నిటికన్నా పొడుగైంది. పిల్లవాడు ఆ కాగితం ఇంటికి తీసుకుపోయి తల్లికి చూపించాడట. ఆమె చదివించుకుని విని, "నాలుగో వరుస గీయలేదేమిరా? రాగులు, పాలు, చింతపండు ఏవీ?" అని అడిగిందట.

మరునాడు నల్లబల్ల మీద నాలుగో వరుస గీశాము.